మంచు పడదన్న వార్త

ముందుగా ప్రమాణం చేసేస్తాను. నేను ఇక్కడ రాయబోయే దాంట్లో ప్రతి అక్షరం నిజం. నన్నెరిగినవాళ్ళు ఈ మాట చదివి ఇప్పటికే పక్కవాళ్ళని మోచేత్తో పొడుస్తుంటారని నాకు తెలుసు. తమ్మిలేరు వరదలో దున్నపోతు తోక పట్టుకుని ఏలూరు దాకా కొట్టుకుపోయి, అక్కడ టీ తాగి, అదే దున్నపోతు మీద తిరిగొచ్చానని పెళ్ళి పందిట్లో చెప్పింది నేనే, కాదనను. అయినా ఈసారి మాత్రం నమ్మండి. మా పెరట్లో చిన్నరసం చెట్టు మీద ఒట్టు. ఆ చెట్టుని కొట్టేసి చాలా ఏళ్ళయింది కాబట్టి ఒట్టు తప్పినా దానికొచ్చే నష్టం లేదన్నది వేరే సంగతి.

మొన్న మా మేనల్లుడు నూజివీడు నుంచి రసాల పెట్టె పంపించాడు. గాలి ఆడటానికి గుండ్రటి కన్నాలు పొడిచిన అట్టపెట్టె అది. మూత విప్పితే కాయల మీద పాత పేపరు పరిచి ఉంది. ముచికల నుంచి కారిన సొన పేపరుకి అంటుకుని, అక్షరాల సిరా కాస్త కరిగి, పండు వాసనా సిరా వాసనా కలిసిపోయి ఒక్కసారిగా ముక్కులోకి కొట్టాయి. మా ఆవిడ పళ్ళు బయటికి తీస్తుంటే నేను ఆ పేపరు ముక్క పట్టుకుని కూర్చుండిపోయాను. "పళ్ళొస్తే పేపరు చదువుకుంటారేంటండీ?" అందావిడ. నేను చదవటం లేదు. పేపర్లో లేనిదాన్ని ఒకప్పుడు చదివాను, అది గుర్తొచ్చింది.

మాది నూజివీడు నుంచి చాట్రాయి పోయే దారిలో ఒక ఊరు. ఊరంటే ఇళ్ళు తక్కువ, తోటలు ఎక్కువ. ఏ నెలలో ఉన్నామో తెలుసుకోవడానికి మాకు క్యాలెండరు అక్కర్లేదు, ముక్కు చాలు. పుష్యమాసంలో పూత వాసన, తేనెలో నానేసిన చింతచిగురులాగా తీపీ పులుపూ కలిసి, పొద్దున్నే తలుపు తియ్యగానే లోపలికొచ్చి కూర్చునేది. ఫాల్గుణంలో పిందెల వగరు, చైత్రంలో అమ్మ చీల్చిన పుల్లకాయ మీద ఉప్పూ కారం, వైశాఖంలో ఇంటింటా ఆవకాయకి ఆవాలు దంచే ఘాటు, ఆ తర్వాత చాపల మీద ఎండే తాండ్ర, దాని మీద ఈగలూ మేమూ. చలికాలంలో కాల్చిన తేగలు, జేబుల్లో రేగుపళ్ళు. మా ఆటలు కూడా తోట సరుకుతోనే జరిగేవి. తాటిమట్ట చెక్కితే బ్యాటు, గాలికి రాలిన గట్టి పిందె బంతి. ఒక్కో పిందె నాలుగు దెబ్బలకి పగిలేది. పగిలిన బంతిని ఉప్పద్దుకుని తినేసి, కొత్త బంతి కోసం చెట్టు వైపు చూసేవాళ్ళం.

తోట మొదట్లో పెద్ద తాటాకుల షెడ్డు ఉండేది. ఎండాకాలం అక్కడ కాయల్ని ఏరి, సొన తుడిచి, వరిగడ్డి పరిచిన గంపల్లో సర్దేవాళ్ళు. కాయల్లేని చలికాలంలో అదే షెడ్డులో రాబోయే కాపుకి వెదురు గంపలు అల్లేవాళ్ళు. పాతిక మంది దాకా ఆడా మగా వరసలుగా కూర్చుని, కాళ్ళ మధ్య బద్దలు పెట్టుకుని అల్లుతుంటే చేతులకి పని, చెవులు ఖాళీ. ఆ చెవుల కోసమే మా ఊళ్ళో ఒక ఆచారం పుట్టింది. పొద్దున మొదటి బస్సుకి పేపరు రాగానే ఒకళ్ళు గట్టిగా చదవాలి, తక్కినవాళ్ళు అల్లుతూ వినాలి. పేపరు హనుమాన్ జంక్షన్లో దిగి, నూజివీడు చేరి, మా బస్సెక్కి వచ్చేటప్పటికి నిన్నటిదయ్యేది. అందుకని లోకంలో ఏం జరిగినా మాకు ఒకరోజు ఆలస్యంగా జరిగేది. చదవటం అయ్యాక ఆ పేపర్లన్నీ షెడ్డు మూల దొంతరగా పేర్చేవాళ్ళు. ఎండాకాలం వచ్చాక అవే గంపల మీద కప్పుగా కలకత్తా వెళ్ళేవి.

ఆ పేపరు తెప్పించేది దేవసహాయం మాస్టారు. మిషను స్కూల్లో లెక్కలూ సైన్సూ చెప్పి రిటైరైన మనిషి. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళ దాకా ఉండే ఖద్దరు కోటు వేసుకుని, కర్ర తాటించుకుంటూ వచ్చి, బోర్లించిన గంప మీద కూర్చునేవారు. ఆ గంప ఆయనది. ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదు. క్రిస్మస్‌కి ఆయన ఇంటి నుంచి అరిసెలూ కజ్జికాయలూ అన్ని పేటలకీ వెళ్ళేవి. తినేవాళ్ళు తినేవాళ్ళు, ఆవుకి పెట్టేవాళ్ళు ఆవుకి పెట్టేవాళ్ళు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "ఆవులకి మన మీద ఏ పట్టింపూ లేదు, అదీ మంచిదే" అనేవారు.

నాకు పదో ఏడు వచ్చేటప్పటికి ఆయన కళ్ళకి పొర కమ్మేసింది. మనుషుల్ని గొంతుని బట్టి, పేపర్లని మడతని బట్టి గుర్తుపట్టేవారు. అప్పుడు చదివే ఉద్యోగం నాకిచ్చారు. మా నాన్న ఆ తోటలో మేస్త్రి. అందుకని నేనెప్పుడూ షెడ్డులోనే పడుండేవాణ్ణి. జీతం రోజుకొక వేరుశనగ అచ్చు. నేను ఒక వార్త చదవడం, ఆయన దాని మీద తన అభిప్రాయం చెప్పడం, అది విని జనం ముందు నవ్వి తర్వాత ఆలోచించడం, ఇదీ వరస. మా ఊరికి అంతకు మించిన కాలేజీ లేదు.

ఎలక్షన్ల జీపు మైకు మోగించుకుంటూ దుమ్ము లేపి పోతే మాస్టారు దుమ్ము దులుపుకుని, "తోట బేరం చేసేటప్పుడు చెట్టు చెట్టుకీ తిరిగి, కొమ్మ వంచి, పూత వేళ్ళతో నలిపి చూస్తారు గదరా. ఓటు దగ్గరికొచ్చేసరికి మైకు గట్టిగా మోగితే చాలా?" అనేవారు. రోడ్డు పక్క హోటల్లో తనకీ, గంపలల్లే చాలామందికీ గ్లాసులు వేరుగా పెడతారని ఎవరో గుర్తుచేస్తే, "ఈ కాయ సొన ఎవరు తుడిచారని కలకత్తావాడు అడుగుతున్నాడా? అడక్కుండా పీల్చి టెంక పారేస్తున్నాడు. మనకంటే ఆ టెంకకే ముందు స్వరాజ్యం వచ్చింది" అనేవారు. సైన్సు మీద ఆయనకి ఒకటే మాట: "ఎదురు ప్రశ్న వేస్తే కోపం తెచ్చుకోనిదే సైన్సు. కోపం తెచ్చుకుంటే అది ఇంకేదో."

అన్నిటికంటే ఆయనకి ప్రాణం క్రికెట్టు. బందరులో చదువుకునే రోజుల్లో ఆడారట. షెడ్డులో జనానికి ఆ ఆట తల తోక తెలీదు. అయిదు రోజులు ఆడి ఎవరూ గెలవకుండా ఇంటికి పోతారంటే మంగమ్మత్త (ఆవిడ ఎవరికీ అత్త కాదు, అందరికీ అత్తే) బద్ద చీలుస్తూ, "అయిదు రోజులు పని మానుకుని ఏమీ తేల్చకుండా వస్తారా? మా ఆయనకి చెప్పండి మాస్టారూ, వెంటనే చేరిపోతాడు" అనేది. మాస్టారు నవ్వి, ఆటంటే గెలుపు కాదని వివరించేవారు. ఒకసారి ఏదో టెస్టులో మనవాళ్ళలో ఒకణ్ణి తప్పుగా అవుటిచ్చారని నేను చదివితే, ఆయన కర్ర పక్కన పెట్టి ఇటు తిరిగారు. తర్వాత అన్నారు: "అంపైరు వేలెత్తాడా, అంతే. బ్యాటు చంకలో పెట్టుకుని నడిచి వచ్చెయ్యాలి. ఎందుకని అడక్కూడదు. పెవిలియన్ మెట్లెక్కే దాకా మొహం మారకూడదు. ఆ నడక వచ్చినవాడే ఆటగాడు. కొట్టడం ఎవడైనా నేర్చుకుంటాడు."

నా పాపం ఆ క్రికెట్టు దగ్గరే మొదలైంది. స్కోర్లు చదవడం నాకు విసుగ్గా ఉండేది. ఒకరోజు మనవాళ్ళు చప్పగా ఓడిపోయిన వార్త వచ్చింది. మాస్టారి మొహం దిగులుపడుతుందని, మనవాడొకడు చివర్లో సిక్సరు కొట్టాడనీ, బంతి వెళ్ళి చెట్టు మీద కాకికి తగిలిందనీ, ఆ కాకి బంతితో సహా ఎగిరిపోవడం వల్ల ఆట అరగంట ఆగిందనీ చదివాను. మాస్టారు కర్ర కింద పడేసుకుని నవ్వారు. ఆయన అంతలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు నాకు రెండు అచ్చులు ముట్టాయి. అప్పటి నుంచి పేపర్లో రోజుకొకటైనా నా వార్త ఉండేది. మద్రాసులో రెండు తలల తాబేలు, రష్యావాళ్ళు ఆకాశంలోకి పంపిన కుక్కకి అక్కడ పుట్టిన పిల్లలు, ఇంగ్లండులో మన బంగినపల్లి తిని ఇంగ్లీషు మర్చిపోయిన దొర. ఎవరికీ ఏ నష్టం లేదు. అబద్ధం వల్ల నష్టం లేకపోతే అది కథ అవుతుందని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

ఆ తర్వాతి చలికాలంలో, ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలోకి వస్తాయనీ, మూడు రోజుల్లో భూమి బద్దలవుతుందనీ దేశమంతా పుకారు లేచింది. మా ఊళ్ళో పెద్దవాళ్ళు వణికారు, పిల్లలకి బడి ఎగిరిపోయింది. మంగమ్మత్త కూతురి సీమంతానికని దాచిన నెయ్యి డబ్బా మూత తీసి, పప్పులో గరిటెలు గరిటెలుగా పోసుకుంది. కోళ్ళున్నవాళ్ళు కోళ్ళు కోసేశారు. మా పక్కింటాయన పదేళ్ళుగా మాటల్లేని తమ్ముడి దగ్గరికెళ్ళి కౌగిలించుకుని ఏడ్చాడు; గండం గడిచిన మర్నాడే మళ్ళీ మాట్లాడటం మానేశాడు. నూజివీడులో హోమాలు, ఏ గుడి చూసినా గంటలు.

మాస్టారు ఒక్కరే నిబ్బరంగా ఉన్నారు. గంప మీద కూర్చుని కర్ర చివర బయటికి చూపించి, "ఇక్కణ్ణుంచి చూస్తే ఆ తాటిచెట్టూ, దాని వెనక కొండా, ఆ పైన పొద్దున కనిపించే చంద్రుడూ ఒకే వరసలో ఉంటాయి కదా? అంతమాత్రాన తాటిచెట్టు వెళ్ళి చంద్రుణ్ణి గుద్దుకుంటుందా? గ్రహాలూ అంతే. మన కంటికి ఒక వరస. వాటి దారి వాటిది. ఏమీ కాదు. పనులు చేసుకోండి" అన్నారు. జనం తలలూపారు. ఆయన చెబితే జరిగి తీరుతుందని కాదు గానీ, ఆయన ఎప్పుడూ తెలియనిది తెలుసని చెప్పలేదని అందరికీ నమ్మకం. ఆ నమ్మకమే ఆయన ఆస్తి. ఇంకో ఆస్తి ఉన్నట్టు నాకు తెలీదు.

నేను కూడా తలూపాను. కానీ నాకు లోపల భయం పోలేదు. నా భయానికి కారణం గ్రహాలు కాదు, పొగ. పూత సమయంలో మంచు దిగితే పూత నల్లబడి మాడిపోతుంది. దానికి విరుగుడుగా మా వైపు తోటల్లో వరసల మధ్య ఎండాకు, ఊక, తడిగడ్డి కుప్పలు పెట్టి, కోడి కూసే వేళకి అంటించి, మంట లేవకుండా పొగ మాత్రం కొమ్మల్లో తిరిగేటట్టు కాపలా కాస్తారు. ఆ పని మేస్త్రిగా మా నాన్న మీద ఉంది. అంటే గ్రహాలు కలిసే ఆ మూడు తెల్లవారుజాములూ నాన్న తోటలో ఉంటాడు. అమ్మా, చెల్లీ, నేనూ ఇంట్లో ఉంటాం. ఇంటికీ తోటకీ మధ్య ఒక తూము ఉంది. భూమి బద్దలైతే సరిగ్గా ఆ తూము దగ్గరే బద్దలవుతుందని నాకు గట్టి నమ్మకం. నాన్న అటు, మేము ఇటు. అన్నం తింటున్నా అదే కనిపించేది.

గండానికి ముందు రోజు పొద్దున పేపరు విప్పాను. గ్రహాల గురించి పెద్ద వార్తే ఉంది, కాశీలో హోమాలనీ అదనీ. దాన్ని చదివి, ఊపిరి తీసుకుని, కన్ను కాగితం మీంచి తియ్యకుండా, పేపరు భాషలోనే కొనసాగించాను: "ఈ గ్రహకూటమి సందర్భమున కోస్తా జిల్లాలయందు మూడు దినములపాటు ఆకాశము నిర్మలముగా నుండుననియు, మంచు ఎంతమాత్రమును కురియబోదనియు శాస్త్రజ్ఞులు తెలియజేసిరి."

షెడ్డులో బద్దల చప్పుడు ఆగింది.

"ఏంటీ? మళ్ళీ చదువు" అన్నారు మాస్టారు.

మళ్ళీ చదివాను. ఒక్క అక్షరం మారకుండా చదివాను. రెండోసారి చెప్పినప్పుడు మొదటిసారిలాగే రావాలన్న విద్య నాకు అప్పటికే పట్టుబడింది.

మాస్టారు కాసేపు కర్ర పిడి నిమిరారు. "మూడు రోజుల ముందే మంచు సంగతి ఎట్టా చెబుతార్రా?" అని తనలో తను అనుకున్నట్టు అన్నారు. అంతలోనే ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. "చెప్పొచ్చులే. బెలూన్లు వదులుతున్నారు, యంత్రాలొచ్చాయి. నేను పాఠం చెప్పిన నాటి సైన్సు ఇవాళ అక్కడే ఉంటుందా? ముందుకెళ్ళుంటుంది." తను చదువు చెప్పిన సైన్సు ఇంత ఎదిగిందని, సొంత పిల్లవాడు పెద్ద ఉద్యోగంలో చేరినంత సంబరపడ్డారు ఆయన.

పూత మీదుండగానే ఆ ఏటి కాపు కొనుక్కున్న కోటయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. మోటు మనిషి, చెడ్డవాడు కాదు. కూలీలు గండం రోజుల్లో పిల్లల్ని వదిలి రాలేమని అప్పటికే అతని ప్రాణం తీస్తున్నారు. "అయితే పొగ మానెయ్యమంటారా మాస్టారూ? ఆలోచించి చెప్పండి. నాకు పూతే దిక్కు."

"నేను మానెయ్యమనట్లేదు కోటయ్యా, శాస్త్రజ్ఞులు మంచు ఉండదంటున్నారు. పేపర్లో ఉంది."

"పేపరు సంగతి నాకెందుకండీ. మీరేమంటారు?"

మాస్టారు ఒక్క క్షణం నా వైపు తిరిగారు. కనిపించని కళ్ళతో. "నా మాటగానే తీసుకో" అన్నారు.

ఆ మూడు రోజులూ నాన్న ఇంట్లోనే పడుకున్నాడు. నేను ఆయన పంచె అంచు వేలికి చుట్టుకుని పడుకున్నాను. మొదటి రోజు ఆకాశం అద్దంలా ఉంది. రెండో రోజూ అంతే. శాస్త్రజ్ఞుల గురించి నేను కల్పించింది నిజమైపోతున్నందుకు నాకే ఆశ్చర్యం వేసి, నాలో ఏదో శక్తి ఉందేమో అనుకున్నాను. మూడో పొద్దున నాన్న తలుపు తీసి అక్కడే నిలబడిపోయాడు. నేను ఆయన పక్కనుంచి తొంగిచూశాను. ఎదురుగా వాకిలి లేదు, వీధి లేదు, వీధవతల ఇల్లు లేదు. పాలు ఒలికినట్టు మంచు. దాని వెంట సన్నటి జల్లు. నాన్న "అయ్యో" అన్నాడు. చెప్పులేసుకోకుండా తోట వైపు పరిగెత్తాడు. అప్పుడు అంటించినా తడిసిన కుప్పలు అంటుకోవు.

భూమి బద్దలవలేదు. నాలుగు రోజుల్లో కోటయ్య తోటలో పూత నల్లబడి, చెట్ల కింద మాడిన రవ్వలాగా రాలింది. నడుస్తుంటే కాళ్ళకి అంటుకునేది. రోడ్డవతల తోటలో, పేపరు విననివాళ్ళు యథాప్రకారం పొగ పెట్టుకున్నారు. అక్కడ సగం పైగా నిలిచింది. దాంతో దాచడానికి లేకుండా పోయింది.

షెడ్డులో ఆ పొద్దున నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. మాస్టారు ఎప్పటిలాగే వచ్చి గంప మీద కూర్చున్నారు. ఎవరూ పలకరించలేదు. కోటయ్య తిన్నగా వచ్చాడు.

"ఏ పేపర్లో ఉందండీ ఆ ముక్క? చూపించండి. తప్పు రాసిన పేపరువాళ్ళని అడుగుతాను, మిమ్మల్ని ఏమీ అనను."

"సబబే. చూడాల్సిందే" అన్నారు మాస్టారు. లేచి, దొంతర దగ్గరికి వెళ్ళి, మడతలు వేళ్ళతో తడుముకుంటూ, పై నుంచి ఎనిమిదో పేపరు తనే లాగి ఇచ్చారు.

కోటయ్యకి కూడబలుక్కుని చదవడం వచ్చు. ఆ వార్త మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, గుణింతం గుణింతం పలుకుతూ, చెమటలు కక్కుకుంటూ చదివాడు. కాశీ వచ్చింది, హోమాలు వచ్చాయి, చివర్లో చుక్క వచ్చింది. మంచు రాలేదు. పేజీ తిప్పాడు, అటూ ఇటూ వెతికాడు. పాతిక మంది చేతులు ఆగిపోయి ఉన్నాయి.

"ఇందులో లేదు మాస్టారూ."

మాస్టారు మెల్లిగా నా వైపు తిరిగారు. "రాంబాబూ, నువ్వేగా చదివింది? ఎక్కడుందో చూపించు నాన్నా."

నేను నాన్న వైపు చూశాను. నాన్న నా వైపే చూస్తున్నాడు. పదో ఏటికే ఊరంతటికీ కథలు చెప్పగలిగిన నోటికి ఆ క్షణంలో ఒక్కటే వాక్యం వచ్చింది.

"నేను అట్టా చదవలేదండీ."

మంగమ్మత్త బద్ద మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆవిడ విన్నది. అందరూ విన్నారు. అయితే విన్నది నా నోట వచ్చిందా, మాస్టారు తర్వాత వివరించిన మాటల్లో వచ్చిందా అన్నది అన్ని రోజుల తర్వాత ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. పిల్లవాడు పేపరు చూసి చదువుతాడు, లేనిది ఎందుకు చదువుతాడు? ముసలాయనే కలిపి చెప్పుంటాడు. వెనక నుంచి ఎవరో, "గ్రహాల్ని ఎగతాళి చేస్తే ఊరుకుంటాయా" అన్నారు.

మాస్టారు చాలాసేపు నా వైపే మొహం పెట్టి ఉన్నారు. నేను ఇంకేమైనా అంటానేమోనని వింటున్నారు. తర్వాత, "అయ్యుంటుంది కోటయ్యా. వయసు మీద పడింది. నేనే కల్పించుకుని ఉంటాను. క్షమించు" అన్నారు. కర్ర తీసి తాటించలేదు. చంకలో పెట్టుకున్నారు. కళ్ళు కనపడని మనిషి, కర్ర చంకలో పెట్టుకుని, తలెత్తి, గంపల మధ్య నుంచి రోడ్డు దాకా నడుచుకుంటూ వెళ్ళిపోయారు. మొహం మారలేదు.

ఆ నడక ఏంటో ఆ షెడ్డులో నాకొక్కడికే తెలుసు. వేలెత్తింది నేనే కాబట్టి.

మళ్ళీ ఆయన రాలేదు. పేపరూ రాలేదు. కొన్నాళ్ళు ఆ గంప బోర్లించే ఉంది. తర్వాత మంగమ్మత్త దాన్ని తిప్పి బద్దలు వేసుకుంది. మరుసటి ఏడు ఎవరో తాయెత్తుల సాధువు వస్తే పూత కోసం చెట్లకి తాయెత్తులు కట్టించుకున్నారు. తప్పని చెప్పేవాళ్ళు లేరు. మా ఊళ్ళో సైన్సుని గ్రహాలు ఓడించలేదు. నాన్న ఇంట్లో ఉండాలని కోరుకున్న నేను ఓడించాను. ఆయన చెప్పింది నేను నమ్మలేదు. నేను చెప్పింది ఆయన నమ్మారు. ఇంతే జరిగింది.

అయితే నేను మరీ అంత పిరికివాణ్ణి కాదు. ఆ వైశాఖంలో, మిగిలిన నాలుగు చెట్లలో పండిన రసాలు ఒక చిన్న బుట్టలో పెట్టుకుని మాస్టారి ఇంటికి వెళ్ళాను. వసారాలో కూర్చుని ఉన్నారు. కాళ్ళ దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాను, తూముతో సహా. ఆయన విని, కాకి సిక్సరు నాటిలాగా నవ్వి, "ఒరే, నీ శాస్త్రజ్ఞులు రెండు రోజులు కరెక్టుగా చెప్పార్రా! మూడింట రెండు మార్కులు. పాసే" అన్నారు. నా తల నిమిరారు. ఇద్దరం రసాలు పీల్చాం. ఆయన కోటు మీద రసం కారితే నేను తుడిచాను.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు. ఆ చోట సిమెంటు కొట్టు ఉంది. వెదురు గంపలు పోయి ప్లాస్టిక్కు ట్రేలు, అట్టపెట్టెలు వచ్చాయి. గంపలు అల్లే చేతులు ఎటు పోయాయో తెలీదు. తోటలు సగం ప్లాట్లయ్యాయి. పొగ ఎవరూ పెట్టరు, మందు కొడతారు. క్రికెట్టు రంగుల టీవీలో ఇంట్లోకే వచ్చింది. అంపైరు వేలెత్తితే మైదానంలోనే కొట్లాడుతున్నారు. వార్తలు ఎవరి ఇంట్లో వాళ్ళకి, గంట గంటకీ. పాతిక మంది ఒకచోట చేరి, చేతులతో పని చేసుకుంటూ, ఒకే వార్త విని, ఒక మనిషి ఏమంటాడా అని తలెత్తి చూడటం మాత్రం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. నేను జీవితమంతా అబద్ధాలు చెబుతూనే ఉన్నాను గానీ, చేతిలో కాగితం పట్టుకుని మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు.

ఈ వ్యాసం రాస్తున్నాను కాబట్టి ఇప్పుడు కాగితం చేతిలోనే ఉంది. అందుకని ఒకటి ఒప్పుకోవాలి.

తమ్మిలేరు దున్నపోతు అబద్ధమని మీకు తెలుసు. పైన రాసినదంతా నిజం, ఒక్కటి తప్ప. మాస్టారు నవ్వింది, మూడింట రెండు మార్కులు, తల నిమరడం, రసాలు పీల్చడం, కోటు తుడవడం నా కల్పన. ఎన్నేళ్ళుగా చెప్పుకుంటున్నానంటే, ఆ కోటు తడి నా వేళ్ళకి ఇప్పుడు నిజంగా తగులుతుంది.

బుట్ట తీసుకుని వెళ్ళిన మాట నిజం. మాస్టారు వసారాలో కూర్చుని ఉన్న మాటా నిజం. ఒళ్ళో మడత పెట్టిన పాత పేపరు ఒకటి ఉంది. నేను గేటు గడియ తీస్తే చప్పుడైంది. ఆయన చటుక్కున తలెత్తి, మొహమంతా విప్పారి, "ఎవరది? చదవడానికొచ్చావా?" అన్నారు.

నేను బుట్ట గోడ మీద పెట్టి, చప్పుడు కాకుండా వెనక్కి నడిచి, మలుపు తిరిగాక పరిగెత్తాను. వానలు పడక ముందే ఆయన కూతురు వచ్చి ఉంగుటూరు తీసుకెళ్ళిపోయింది. అక్కడే పోయారని తర్వాత విన్నాం.

ఆ రోజు గేటు దగ్గర చెప్పాల్సిన జవాబు పెద్దదేమీ కాదు. ఇంత కథ అక్కర్లేదు. గొంతుని బట్టి మనిషిని గుర్తుపట్టే ఆయనకి ఒక్క ముక్క చాలు.

నేనేనండీ, మాస్టారూ.